పళ్ళ డాక్టరు లారీ

ఏళ్ళ తరబడి ఒకే ఆసుపత్రిలో, ఒకే కుర్చీ పక్కన నిలబడి, ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి తొంగిచూస్తూ గడిపాడు పళ్ళ డాక్టరు. మంచి ఉద్యోగం. అన్నం పెట్టే చేయి, దణ్ణం పెట్టే జనం. అయినా ఇంజెక్షను ఇచ్చి, రోగి చిగుళ్ళు మొద్దుబారేదాకా ఆగే ఆ కాస్త సేపూ అతని కళ్ళు కిటికీ అవతల పెద్ద రోడ్డు మీదే ఉండేవి. టార్పాలిన్ బిగించి కట్టిన లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే గుండెలో ఏదో మూల లాగేది.

"డాక్టరు గారూ, మూతి మొద్దెక్కిందండీ" అని రోగి గొణిగితే గాని ఈ లోకంలోకి వచ్చేవాడు కాదు.

ఒక ఆదివారం భార్యతో అనేశాడు.

"లారీ కొందామనుకుంటున్నా."

"బాడుగకి తిప్పడానికా?"

"నేనే నడపడానికి."

ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది. బావమరిది మాత్రం ఆగలేదు. "పళ్ళు పీకి పీకి బావకి విసుగొచ్చిందక్కా, ఇక గేర్లు పీకుతాడు" అని ఇల్లెగిరిపోయేలా నవ్వాడు.

కొన్నాళ్ళు ఆమె ముభావంగా తిరిగింది. చివరికి ఉతికిన బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండానే అంది.

"నేను వద్దంటే మానేస్తారు. ఆ తర్వాత జన్మంతా నా మొహంలో ఆ లారీనే చూస్తారు. ఆ బతుకు నాకొద్దు. వెళ్ళండి."

డాక్టరు నడపడం నేర్చుకున్నాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు, ఒకరు వాడి వదిలేసిన లారీ కొన్నాడు. మొదటిసారి సరుకెత్తుకుని ఊరు దాటినప్పుడు ఒంటరిగా క్యాబిన్లో కూర్చుని చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. కొండలు, వంతెనలు, పేరు తెలియని ఊళ్ళు ఎదురొచ్చి వెనక్కి పోయాయి. కోరుకున్నదంతా కళ్ళ ముందుంది.

కోరుకోనిది కూడా మెల్లగా వచ్చి పక్కసీట్లో కూర్చుంది. సాయంత్రం బండి ఆపితే ఇంట్లో కుక్కరు కూత చెవుల్లో మోగేది. కూతురు మొదట్లో ఫోన్లో "నాన్నా, ఇప్పుడేం కనపడుతోంది?" అని ఊపిరాడనిచ్చేది కాదు. తర్వాత తర్వాత, "బాగున్నావా నాన్నా? అమ్మకిస్తున్నా" అనడం మొదలుపెట్టింది. ఆ మాట విన్న రోజు ఎంత దూరం నడిపాడో అతనికే గుర్తులేదు.

ఒక మధ్యాహ్నం లారీలు నిలిపే మైదానంలో, బుగ్గ బూరెలా ఉబ్బిన పెద్ద డ్రైవరొకాయన నీడపట్టున మూలుగుతూ కనిపించాడు. డాక్టరు ఉండబట్టలేక, "అన్నా, నోరు తెరువు" అన్నాడు.

"నువ్వెవరు, పళ్ళ డాక్టరువా?"

"ఒకప్పుడు."

ఎండకెదురుగా నిలబెట్టి చూశాడు. చీము లోపలికి పాకుతోంది. సరుకు ఆలస్యమైతే అయిందనుకుని, ఆయన్ని ఎక్కించుకుని దగ్గర్లోని పళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

బయట బల్ల మీద కూర్చున్నాక మందుల వాసన ముక్కుకి తగిలింది. లోపల ఎవరో అమ్మాయి, "ఇంకాస్త తెరవండి, అయిపోయింది, అయిపోయింది" అంటోంది. తానూ అచ్చం అలాగే రెండుసార్లు అనేవాడు. ఒళ్ళో ఉన్న చేతులు వాటంతటవే పనిముట్టు పట్టుకున్నట్టు కదిలాయి. విసుగుతో వదిలేసిన గదే, ఇప్పుడు పుట్టింటిలా గుర్తొచ్చింది.

పెద్దాయన బుగ్గలో దూది కుక్కుకుని బయటికొచ్చాడు. మాట రాక, డాక్టరు చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ సరుకు దింపి ఇంటికి వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళయింది. అతను కూర్చునే చోట కూతురి పుస్తకాలున్నాయి. ఆ పిల్ల గబగబా తీయబోతే, చుట్టాన్ని చూసి సర్దుకుంటున్నట్టే అనిపించి, "ఉండనీ అమ్మా" అని పక్కన కూర్చున్నాడు. పిల్ల తిని మళ్ళీ బడికెళ్ళాక భార్యని అడిగాడు.

"అక్కడుంటే ఇల్లు లాగుతోంది, ఇక్కడుంటే రోడ్డు లాగుతోంది. మానేసి వచ్చెయ్యనా?"

భార్య చేతిలోని కూర గిన్నె కింద పెట్టింది.

"ఇదివరకు ఎదురుగా ఉండి కూడా ఇంట్లో ఉండేవారు కాదు. ఇప్పుడు ఎక్కడో ఉండి మా గురించే బెంగపెట్టుకుంటున్నారు. నాకిదే నయంగా ఉంది" అని, కళ్ళు తుడుచుకుని, "అలాగని నాకు మాత్రం బెంగ లేదనుకోకండి" అంది.

సాయంత్రానికి మళ్ళీ సరుకుంది.

"ఇంకాస్త వడ్డించనా?"

"వడ్డించు" అన్నాడు. కడుపు ఎప్పుడో నిండింది. అయినా, ఎవరూ తొందరపెట్టని మనిషిలా, నిదానంగా నములుతూ కూర్చున్నాడు.