రెప్పలున్న పాము

కొబ్బరి చెట్ల మధ్య నాటడానికి కేరళ నుంచి తెప్పించిన జాజికాయ మొక్కలవి. మట్టి సంచి మీద తాడు విప్పుతూ ఏడేళ్ల ప్రీతి చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలి మీద రక్తపు చుక్క. నల్లమట్టిలో జానెడు పొడవున, నున్నగా, గోధుమ రంగులో ఒకటి మెలికలు తిరిగి లోపలికి దూరింది.

తాత ఏసుపాదం పార ఎత్తలేదు. దివిసీమలో పాము కరిస్తే ముందు దాన్ని చంపుతారు, డాక్టరుకి చూపించాలని. ఆ తర్వాతే మనిషిని తీసుకెళ్తారు. తొమ్మిదేళ్ల క్రితం భార్య సత్యవతిని కరిచిన పాము కోసం గడ్డివామంతా వెతికి గంట పోగొట్టాడు. పాము దొరికింది. సత్యవతి దక్కలేదు. వెతకమని కేకలేసిన ఊరివాళ్లను అతను క్షమించలేదు. తనను అసలే క్షమించుకోలేదు.

సంచి మూతి బిగించి, పిల్లను ఎత్తుకుని పున్నారావు ఆటో ఎక్కాడు.

"ఏ పాము బాబాయ్?"

"తెలీదు. అవనిగడ్డ తోలు."

"సంచిలో ఉందా? నా బండిలోనా?"

"నువ్వూ ఉన్నావుగా. తోలు."

ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ పిల్ల రక్తం గాజు గొట్టంలోకి తీసి బల్ల మీద నిలబెట్టింది.

"ఇరవై నిమిషాలు కదపకూడదండీ. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే."

ఏసుపాదం గొట్టం మీంచి చూపు తిప్పలేదు. ఆమె సంచిని బేసినులో మెల్లగా కుమ్మరించింది. అది తల ఎత్తి కళ్లు మూసి తెరిచింది.

"పాముకి రెప్పలుండవు. ఇది బల్లండీ, కాళ్లు లేవంతే. వానలు బాగా పడే అడవుల్లో మట్టి కింద బతుకుతాయి ఇలాంటివి. విషం ఉండదు."

"మరి రక్తం?"

ఆమె పిల్ల వేలు నొక్కి సన్నటి వెదురు పేడు బయటికి లాగింది. మొక్కకి ఊతంగా కట్టిన పుల్లది. అయినా టైము అయ్యాకే గొట్టం వంచింది. రక్తం గడ్డకట్టింది, కదల్లేదు.

ఏసుపాదం గోడకి ఆనుకున్నాడు.

"మీ మేలు మర్చిపోనమ్మా."

"నేనేం చేశానండీ. అది కరవలేదు, అంతే."

"అయితే దాని మేలు కూడా."

"తాతయ్యా, చంపేస్తావా?" అంది ప్రీతి.

"ఎందుకే చంపుతాను? నీళ్లు పట్రా. మట్టి ఆరిపోతోంది."

పిల్ల తెచ్చిన నీళ్లను అతను దోసిట్లో పట్టి, దాని కళ్లలో పడకుండా చుట్టూ చిలకరించాడు.