ఏమీ మిగలని ఉత్తరాలు

"విషయం చెప్పు. బొమ్మలు గియ్యకు," అన్నాడు ఎర్మెక్, లగ్మాన్ నూడుల్స్ గిన్నెలోంచి తల ఎత్తకుండా.

జిపార్ నోరు మూసుకుంది. ఎక్కడ మొదలుపెట్టిందో, ఎక్కడిదాకా వచ్చిందో ఆ ఒక్క మాటతో చెదిరిపోయింది. "ఏం లేదు, ఇంకో రొట్టె వెయ్యనా?" అంది. పొద్దున్నుంచీ గుండెల్లో గుచ్చుకుంటున్నదాన్ని మొగుడికి చెప్పుకోవాలంటే ముందు దాన్ని ఒక్క వాక్యంలోకి కుదించాలి. ఆ వాక్యం ఆమెకు తెలుసు. దాన్ని పలకలేకే చుట్టూ తిరుగుతోంది.

బిష్కెక్‌లో, ఉన్ని తివాచీలు కుట్టే ఆడవాళ్ళ సంఘంలో ఆమె గుమస్తా. జీతమిచ్చేది లెక్కలు రాసినందుకు. టీ కాచేదీ, వచ్చినవాళ్ళకు కుర్చీలు వేసేదీ, దగ్గరపడ్డ పుట్టినరోజులు గుర్తుచేసేదీ కూడా ఆమే. ఊరూరా ఉన్న కుట్టుపని ఆడవాళ్ళు ఒకరికొకరు రాసుకునే, ఒకరు పంపితే అందరికీ చేరే మెయిలింగ్ లిస్టు నడిపేదీ ఆమే. అక్కడ యజమాని అన్నచోట మాత్రం సంఘం పెద్ద మేదెర్ పేరుంది. ఆడవాళ్ళ సంఘానికి మగ పెద్ద ఏమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, జిపార్‌కి అసలే లేదు.

ఈ ఏడు మార్చి ఎనిమిదో తారీఖున, మహిళా దినోత్సవానికి, అందరూ అందరికీ మెరిసే గులాబీలూ, పాటలు పాడే కార్డులూ పంపుకున్నారు. మేదెర్ మెయిల్‌బాక్సు నిండి మొరాయించింది. "ఈ పూలూ రంగులూ ఇకమీదట నా కంటపడకూడదు. ఉత్త అక్షరాలే రావాలి. నువ్వు చూసుకో పిల్లా," అన్నాడాయన.

ఆమె చూసుకుంది. లిస్టు సెట్టింగుల పేజీ తెరిచి, వచ్చే ఉత్తరాల్లోంచి బొమ్మలన్నీ తీసెయ్యమంది. రంగురంగుల అక్షరాలను మామూలు అక్షరాలు చెయ్యమంది. చివర్లో ఆ పేజీ ఒక ప్రశ్న అడిగింది: అన్నీ తీసేశాక ఉత్తరంలో ఏమీ మిగలకపోతే ఏం చెయ్యాలి? పంపినవాళ్ళకు తిప్పి పంపాలా, నిర్వాహకులకు చూపించాలా, చప్పుడు చెయ్యకుండా పడెయ్యాలా?

"తిప్పి పంపితే ఫోన్లు చేసి చంపుతారు. నాకు పంపితే మళ్ళీ అదే గోల. పడెయ్," అన్నాడు మేదెర్.

సరిగ్గా అప్పుడే ఆమెకు బాత్మా ఏజె గుర్తొచ్చింది.

అత్‌బాషీ అనే ఊరి బళ్ళో ముప్పై ఏళ్ళు కిర్గిజ్ భాష చెప్పి రిటైరైన మనిషి బాత్మా. ఏజె అంటే అక్క. వయసులో పెద్దదైన ఆడమనిషిని అలాగే పిలుస్తారు. ఊరి గ్రంథాలయంలో ఉన్న కంప్యూటర్ మీద రష్యన్ అక్షరాలే తప్ప కిర్గిజ్‌కి మాత్రమే ఉన్న మూడు అక్షరాలూ లేవు. పిల్లల చేత అవే అక్షరాలు దిద్దించినావిడ, అవి లేకుండా తప్పులతో రాయడం కంటే రాయకపోవడమే నయమనుకుంది. అందుకే ఆవిడ ఉత్తరాల్లో ఎప్పుడూ ఒక్క ముక్క ఉండదు. కొత్తగా కుట్టిన తివాచీ ఫొటో ఉంటుందంతే. దాన్ని చూసి ఊరూరి నుంచీ ఆడవాళ్ళు పొగిడేవాళ్ళు, వంకలు పెట్టేవాళ్ళు, రంగులు ఎక్కడ దొరికాయని అడిగేవాళ్ళు.

గుర్తొచ్చింది. అయినా పడెయ్యమనే మీట నొక్కింది.

ఈ పొద్దున నరీన్ నుంచి షాయిర్ అనే సభ్యురాలు ఫోన్ చేసింది. "బాత్మా ఏజె కుట్టడం మానేసిందట, తెలుసా? వేసవంతా ఫొటోలు పంపినా ఒక్కరూ పలకలేదట. నాకైతే ఒక్కటీ రాలేదు మరి."

మేదెర్‌తో చెబితే నవ్వాడు. "సర్వర్ తినేసిందని చెప్పు. సర్వర్‌కి సిగ్గేంటి?"

అలా చెప్పడం ఆమెకు కష్టమేం కాదు. ఎర్మెక్ వాళ్ళన్నయ్య పేరు తెమిర్. తెమిర్ అంటే ఇనుము. అక్కడి ఆచారం ప్రకారం కోడలు బావగారి పేరు పలకకూడదు గనక, ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ మేకునీ, మూకుడునీ, రైలు పట్టానీ ఆమె 'గట్టిది' అనే అంటోంది. "మా కోడలి నోట ఒక్క పేరు జారదు," అని అత్తగారు పదిమందిలో మురుస్తుంది. అసలు మాట పలక్కుండా పని కానివ్వడంలో జిపార్‌ని మించినవాళ్ళు లేరు.

గిన్నెలు తీసి, వసారాలోకి వెళ్ళి, బాత్మాకి ఫోన్ చేసింది.

"ఏజే, నేను జిపార్‌ని."

"చెప్పమ్మా. ఇంట్లో అందరూ కులాసానా?"

"మీ ఫొటోలు ఎవరికీ చేరలేదు ఏజే. అక్షరాల్లేని ఉత్తరాలు వాటంతటవే..." ఆగింది. "నేను పడేశాను. మీవి అలాగే ఉంటాయని తెలిసే ఆ మీట నొక్కాను."



"అయితే నా కుట్టు బాలేక కాదన్నమాట," అంది బాత్మా. "అంతమందీ చూసి ఊరుకున్నారనుకున్నా. ముసల్దానా, ఇంక చాలని ముఖాన చెప్పలేక ఊరుకున్నారనుకున్నా. ఆ తివాచీని కోసేశానే. జీను కింద వేసుకోమని ముక్కలు మావాడికిచ్చేశా."

 ఏడిస్తే ఆవిడే ఓదార్చాల్సి వస్తుందని జిపార్ ఏడుపు మింగేసింది.

"తెలిసి కూడా ఎందుకు నొక్కావే?" బళ్ళో అడిగినట్టే అడిగింది ఆవిడ.

"నా మీద పడే పనుల్లో ఒకటి తగ్గుతుందని."

"ఊఁ," అంది బాత్మా. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. "వాళ్ళందరికీ ఈ మాట రాస్తావా?"

"రాస్తాను."

"తప్పుల్లేకుండా రాయి."

జిపార్ కంప్యూటర్ ముందు కూర్చుని, ముందు ఆ పేజీ తెరిచి బొమ్మల్ని రానివ్వమంది. ఏమీ మిగలని ఉత్తరాలు ఇకమీదట తనకే చూపించమంది. యజమాని అన్నచోట మేదెర్ పేరు తీసేసి తన పేరు రాసింది. రేపు ఆఫీసులో ఏమవుతుందో తెలియనిదేం కాదు. తర్వాత అందరికీ ఉత్తరం మొదలుపెట్టింది. 'బాత్మా ఏజె పంపిన ఫొటోలు పొరపాటున తొలగిపోయాయి' అని వేళ్ళు వాటంతటవే రాసేశాయి. కొట్టేసింది. 'తొలగించబడ్డాయి' అని రాసింది. అదీ కొట్టేసింది.

"టీ ఏదీ?" అని వంటింట్లోంచి కేకేశాడు ఎర్మెక్. "అంతసేపు ఏం రాస్తున్నావ్? విషయం రాసి లే."

'నేను పడేశాను' అని రాసి, "విషయమే రాస్తున్నా," అంది జిపార్.