సాంబయ్య చెయ్యి

కాంట్రాక్టరు జలపతిరావు బాలలక్ష్మిని కింద పడేలా నెట్టాడు. బొగ్గుబాయి గేటు ముందు, పట్టపగలు, మూడు వందల మందిమి చూస్తుండగా నెట్టాడు. ఆమె చేసిన తప్పేమిటి? "నీ పుచ్చు దుంగలు నా మొగన్ని తిన్నయ్" అంది, అంతే.

డెబ్బై ఎనిమిదిలో బెల్లంపల్లి దగ్గర మాట. బాయిలో కప్పు కూలకుండా నిలబెట్టే దుంగలు తెచ్చిపోసేది జలపతిరావే. పుచ్చినవి పంపాడు. కప్పు కూలి ఆమె మొగుడు లింగమూర్తి చచ్చిపోయాడు. మంచి దుంగలు వచ్చేదాకా దిగేది లేదని మా కార్మిక సంఘం పని బంద్ పెట్టి అది ఐదో రోజు. మాలో ఒక్కడు చెయ్యి చేసుకుంటే చాలు, అందరినీ జైల్లో తోసి బంద్ విరగ్గొట్టొచ్చు. పోలీసు జీపు గేటు పక్కనే కాచుకుని ఉంది.

సాంబయ్య కదిలాడు. చేతిలో దుంగలు చెక్కే గొడ్డలి.

ఈ సాంబయ్య ఒకప్పుడు జలపతిరావు మనిషే. దొర కనుసైగ చేస్తే కూలీల కాళ్లు విరగ్గొట్టేవాడు. దొర కోసమే జైలుకు పోయాడు. తిరిగొస్తే దొర తలుపు తియ్యలేదు. పిలిచి బువ్వ పెట్టింది, పని నేర్పింది లింగమూర్తి.

"రారా సాంబిగా," జలపతిరావు నవ్వాడు. "నీ చెయ్యి ఆగదు. నాకెరుకే. నేను సాదిన కుక్కవు గద."

గొడ్డలి లేచింది. మాతో బాయిలో పనిచేసే ముసలి కైలాసం అడ్డం పోలేదు, చెయ్యి పట్టుకోలేదు. పక్కకొచ్చి మెల్లగా అడిగాడు.

"బీడీ లేంది నువ్వు గడియ సేపుండవు. బాయిల ఎనిమిది గంటలు ఎట్లుంటున్నవ్ బిడ్డా?"

"అగ్గిపుల్ల గీస్తె గ్యాసంటుకుంటది. అందరం సస్తం."

"గిది గూడ బాయే అనుకో."

సాంబయ్య జీపు వైపు చూశాడు, మా వైపు చూశాడు. చివరికి గొడ్డలి కింద పెట్టి ఏడ్చాడు. నన్నడిగితే అదుపు జైల్లో రాదు. మన తప్పుకు ఎవరు ఏడవాలో తెలిస్తే వస్తుంది.

జలపతిరావు ముఖం మాడిపోయింది. ఎస్సైకి సైగ చేశాడు. కొట్టకపోతేనేం, పాత రౌడీ షీట్ ఉండనే ఉంది.

"నడువ్‌రా. ఎవలు లేని లఫంగవు, నీకెందుకు సంగం?" అని ఎస్సై సాంబయ్య మెడ పట్టాడు.

బాలలక్ష్మి మోచేతి నెత్తురు కొంగుతో తుడుచుకుని జీపుకు అడ్డంగా కూర్చుంది.

"ఎవలు లేరని ఎవలు చెప్పిండ్రు? నా మరిది."

"నా అల్లుడు" అంటూ కైలాసం ఆమె పక్కన కూలబడ్డాడు. కైలాసానికి కూతుళ్లే లేరు. "నా తమ్ముడు" అంది గుంపులోంచి గంగుబాయి. మేమంతా కూర్చున్నాం. లాఠీలు విరిగాయి. మాలో నలభై మందితోపాటు సాంబయ్యను లాక్కుపోయారు.

తెల్లారి పక్క బాయిల వాళ్లు కూడా పని ఆపి స్టేషన్ ముందుకు వచ్చారు. రోడ్డు నిండిపోయింది.

"మీరెవలు? గీడ మీకేం పని?" అన్నాడు ఎస్సై.

"సాంబయ్య చుట్టాలం" అన్నారు వాళ్లు.