చేతులు గావాలె, నోళ్లొద్దు

“మీరే! ఈ మొగ్గల్ని ఎండ చంపుతలేదు, పురుగు చంపుతలేదు. కూసుండి చాయ్ తాగుకుంట మీరు చంపుతున్నరు!”

నబీ సాబ్ హోటల్ ముందటి బల్ల మీద గౌరమ్మ ఒక పత్తి కొమ్మను విసిరికొట్టింది. చాయ్ గ్లాసులు గలగలమన్నాయి. కొమ్మ నిండా ఎర్ర కాగితాలు తొడిగిన మొగ్గలు.

ఆ ఎర్ర కాగితం ఏమిటో విత్తనం కోసం సీడు పత్తి పండించే ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నిన్న సాయంత్రం ఎవరో ఒక మనిషి ఆ మొగ్గ రేకులు ఒలిచి, లోపలి పుప్పొడి కాడలు గిల్లేసి, కాగితం తొడిగిందని గుర్తు. ఈ పొద్దున మళ్లీ మనిషి రావాలి. కాగితం తీసి, మగ చెట్టు పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఎండ ముదిరేలోపు ఆ పని కాకపోతే మొగ్గ వాడిపోతుంది, తర్వాత రాలిపోతుంది. సాయంత్రం సగం పని, పొద్దున సగం పని. నడుమ ఒక రాత్రి.

సరిగ్గా ఆ నడుమనే ఊరు తన కూలోళ్లను పోగొట్టుకుంది.

“ఎవరు చంపిన్రు గౌరమ్మా? జర నెమ్మదిగ మాట్లాడు,” అన్నాడు చంద్రశేఖర్. కంపెనీ విత్తనం రైతులకు పంచి, పంట కొని కంపెనీకి చేర్చే ఆర్గనైజర్ అతను. పంచాయతీ ఫిల్టర్ నీళ్ల కమిటీకీ అతనే పెద్ద. వాగులో ఇసుక తోడే ట్రాక్టర్లూ అతనివే. “వాళ్లను కూలికి రావద్దన్నమా? నీళ్లియ్యం అన్నం, గంతే గదా.”

గంతే గదా! గౌరమ్మ ఒళ్లు మండిపోయింది.

నిన్న మధ్యాహ్నం, పొద్దుటి పనికీ సాయంత్రం పనికీ మధ్య, ఇదే బల్ల దగ్గర ప్రపంచానికంతా తీర్పు చెప్పారు వీళ్లు. టీవీలో యుద్ధం. పొగ, సైరన్లు, పరుగెత్తే జనం. గౌరమ్మ మొగుడు శాంతయ్య ఆ యుద్ధం జరిగే చోటికి పక్క దేశంలోనే తాపీ పని చేస్తున్నాడు. అతని వాయిస్ మెసేజ్ వచ్చిందని ఆమె పరుగెత్తుకొచ్చి అందరికీ వినిపించింది.

“గౌరా, నేను మంచిగనే ఉన్న. ఫికర్ చెయ్యకు. క్యాంపుకు నీళ్ల ట్యాంకర్ రాలే. ముందుగాల ఆ దేశపోళ్లకంట, మిగిల్తే మాకంట. మళ్ల జేస్త.”

హోటల్ భగ్గుమంది.

“యా అల్లా! మనోళ్లు కట్టిన బంగ్లాలల్ల పండుకుంటరు, మనోళ్లకు గుక్కెడు నీళ్లియ్యరా!” అన్నాడు నబీ సాబ్, చేతిలో చాయ్ వడగట్టే జాలి అట్లాగే పట్టుకొని.

చంద్రశేఖర్ బల్ల గుద్దాడు. “మన మిలిటరీ పోవాలె. రెండు యుద్ధ ఓడలు పోతే వాళ్లే కాళ్ల మీద పడ్తరు.”

“ఎవరి కాళ్ల మీద బిడ్డా?” మూల బెంచీ మీది ఓబయ్య గొంతు సవరించుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా డ్యాములకు మట్టి మోసిన మనిషి. “ఫౌజు పోతే నూనె బాయి కాడికి పోతది. శాంతయ్య కాడికి పోతదా? పరాయి ఫౌజు అడుగువెట్టినంక బాగుపడ్డ దేశం నువ్వేడన్న జూసినవా?”

“అయితే చేతులు కట్టుకొని కూసుందమా తాతా?”

గౌరమ్మకు నిన్న ఓబయ్య మీదే కోపమొచ్చింది. “ఎవరు పోతే నాకేంది పెద్దయ్యా? ఫౌజే పోనీ, దయ్యాలే పోనీ. నా మనిషిని తీస్కరానీ.”

“నేను గూడ ఓడలు పంపుమనే అంటున్న బిడ్డా. తుపాకులున్నయి గాదు. మనోళ్లు కూసొని ఇంటికొచ్చే కుర్చీలున్నయి.”

అందరూ నవ్వారు. అక్కడి నుంచి మాట ఖర్చు మీదికి దూకింది. ఓడలకైతే సర్కారు దగ్గర పైసలుంటాయట, తూము బాగుచేయడానికి మాత్రం ఉండవట. అగ్గిపెట్టె మీద కూడా పన్ను కడుతున్నాం గదా, అదంతా ఏ బొందలో పడుతుందని నబీ సాబ్ అడిగాడు. ఎవరికీ తెలియదు గానీ అందరూ అరిచారు. ఖర్చు మీంచి నీళ్ల మీదికి వచ్చారు. వారం నుంచి ఫిల్టర్ బోరు బురద పోస్తోంది.

“వాగుల ఇసుక లేకపాయె. నీళ్లు ఏడ నిలుస్తయి?” అన్నాడు ఓబయ్య, రోడ్డు మీద పోతున్న ట్రాక్టరు వైపు చూస్తూ. ట్రాక్టరు నిండా ఇసుక.

చంద్రశేఖర్ ఆ చూపు తన మీద పడకముందే వేలు ఇంకో వైపు చూపించాడు. “ఇసుక గాదు తాతా. పత్తి పనికొచ్చి బడిల దిగిన కన్నడపోళ్లు. ఇంటిల్లిపాది వచ్చిన్రు. తానాలు వాళ్లవే, బాసన్లు వాళ్లవే. ప్లాంటు మన సర్కారు పైసలతోని పెట్టింది. వాళ్లకు నీళ్ల కార్డుందా? ఈడ ఓటుందా? ముందుగాల మనోళ్లకు, మిగిల్తే వాళ్లకు.”

“మేం డ్యాము కట్టేటప్పుడు గూడ మమ్మల్ని నల్లా కాడికి రానియ్యలే. కాంక్రీటుకు కొట్టే నీళ్లు తాగి...”

“అబ్బా తాతా, నీ డ్యాము పురాణం మళ్ల మొదలుపెట్టకు!”

మళ్లీ నవ్వులు. శాంతయ్య కోసం కళ్లెర్రజేసిన వాళ్లే చేతులెత్తి చంద్రశేఖర్ మాటకు సరే అన్నారు. శాంతయ్య మెసేజ్‌లోని మాటే తిరిగి తమ నోటి నుంచి వస్తోందని ఒక్కరికీ తట్టలేదు. గౌరమ్మకూ తట్టలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని మొగుడి గొంతే మళ్లీ మళ్లీ వింటోంది. దూరదేశపు నీళ్ల కోసం ఏడుస్తున్న చెవికి పక్కనున్న బడిలోని దప్పిక వినపడలేదు.

పొద్దుగూకే వేళ తెలిసింది. ఆఖరి సాలులో ఎర్ర కాగితాలు తొడిగి గౌరమ్మ నడుం ఎత్తేసరికి బసమ్మ గట్టు మీద నిలబడి ఉంది, నెత్తిన మూట, చంకలో ఖాళీ బిందె. రాయచూరు వైపు నుంచి వచ్చిన కూలోళ్లకు ఆమే పెద్ద. ఏటా ఈ పూతకు వస్తుంది. ఆమె వేళ్లు తగిలితే మొగ్గ నలగదని రైతులు పోటీ పడి పిలుస్తారు.

“హోగ్తీవి అక్కా. పోతున్నం.”

“ఏడికి? పొద్దుగాల పూలున్నయి గదనే!”

“ఫిల్టరుకు తాళం ఏసిన్రు. పిల్లలు పోతే తరిమిన్రు. నీరిల్ల అందరె హేగె అక్కా? నీళ్లు లేవంటే ఎట్ల?” బసమ్మ గొంతులో కోపం లేదు. అదే గౌరమ్మను భయపెట్టింది. “మీ పూలకు రేపు మేం గావాలె. మా పిల్లలకు ఇప్పుడు నీళ్లు గావాలె.”

“మా ఇంట్ల బిందెడున్నయి, తీస్కపో.”

“నీ బిందె ఎంతమందికి అక్కా?”

గౌరమ్మ వస్తారులే, పొద్దుటికి మనసు మారుతుందిలే అనుకుని ఇంటికి పోయింది. మారలేదు. తెల్లారి చేలోకి పోతే సాళ్ల నిండా ఎర్ర కాగితాలే, మనిషి లేడు. తన చేలోనే కాదు, ఊరి చేలన్నింట్లోనూ అంతే. కౌలుకు తీసుకున్న ఆ చిన్న చెక్కలో పంట పోతే వచ్చే ఏడు తనకు చేను ఇచ్చేవాడు లేడు. మూట కట్టుకుని తనూ ఏదో ఒక ఊరి బడిలో దిగాల్సిందే. ఆ ఊరి నల్లాకూ తాళం ఉంటుంది. ఆమె ఒక సాలు రుద్దింది. వెనక్కి తిరిగి మిగిలిన చేనంతా చూసింది. కొమ్మ విరుచుకుని హోటల్‌కి నడిచింది.

ఇప్పుడు చంద్రశేఖర్ గ్లాసు పక్కకు పెట్టి అంటున్నాడు: “వేరే కూలోళ్లను తెప్పిస్త. పరేషాన్ గాకు.”

“ఏడికెల్లి తెస్తవ్? ఎండ ముదిరేలోపు ఏ మంత్రమేసి తెస్తవ్? వాళ్లు రాత్రి బీచుపల్లి గుడి మండపంల పండుకున్నరంట. పాల ఆటో పిలగాడు జూసిండు. బస్సు కోసం ఇంకా ఆడనే ఉన్నరు.”

“అంటే పోయి బతిమాలాలెనా? కూలోళ్లను?”

గౌరమ్మ ఫోన్ తీసి బల్ల మీద, ఎర్ర కాగితాల పక్కన పెట్టి నొక్కింది. నిన్నటి శాంతయ్య గొంతే. ముందుగాల ఆ దేశపోళ్లకంట, మిగిల్తే మాకంట.

పొయ్యి మీద పాలు పొంగుతున్నా నబీ సాబ్ చూడలేదు. ఓబయ్య తల వంచుకున్నాడు. చంద్రశేఖర్ మీసం దువ్వుకున్నాడు.

“నిన్న ఈ మాటకే గదా మీరు బల్ల గుద్దింది? ఫౌజును పంపుమన్నరు గదా? మరి బసమ్మ ఊరోళ్లు మన మీదికి ఏ ఫౌజును పంపాలె శేఖరన్నా?” గౌరమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుంది. “నేను గూడ ఈడనే ఉన్న, చెవుల ఫోను పెట్టుకొని. నన్ను గూడ తిట్టుండ్రి, కాని ఇప్పుడు గాదు. మనకు వాళ్ల చేతులు గావాలె, నోళ్లొద్దు. ఆడ శాంతయ్యను జూసినట్టే ఈడ వీళ్లను మనం జూసినం. నోరు లేని చెయ్యి ఏ దేశంల పుడ్తది?”

“అది గాదు గౌరమ్మా, బోరుల నీళ్లు తక్కువున్నయి, అది నిజమే గదా...”

“నిజమే! ఇసుక తోడి వాగును చంపింది నువ్వు, తాగి చంపిన్రని వాళ్లను తరిమింది గూడ నువ్వే. ఉన్న నీళ్లనే పంచుదం. మా ఇంటికి వంతుల బిందె తక్కువ పొయ్యి, నేనేమన్న అంటే అడుగు.”

నబీ సాబ్ పొయ్యి ఆర్పి, లోపలి నుంచి రెండు నీళ్ల క్యాన్లు దొర్లించుకుంటూ తెచ్చాడు. ఓబయ్య కర్ర పట్టుకుని లేచాడు.

గౌరమ్మ అరచెయ్యి చాపింది, చంద్రశేఖర్ ముఖం ముందు.

“ఫిల్టర్ తాళంచెవి ఇయ్యి. నీ ట్రాక్టరు ఇయ్యాల వాగులకు దిగొద్దు, ఇయ్యాలనే గాదు, ఇంకెప్పుడు దిగొద్దు. ఈ నీళ్లేసుకొని బీచుపల్లికి పోవాలె. ముందు పిల్లలకు నీళ్లు పొయ్యి. అటెంక బసమ్మను మాఫీ అడుగు, నీ నోటితోని, అందరు వినంగ. వస్తదో రాదో ఆమె ఇష్టం. రాకున్నా నీళ్లియ్యి, కార్డియ్యి. ఎండ ఎక్కుతుంది శేఖరన్నా. లే. తాళంచెవి ఇయ్యి!”