వేడెక్కితే ఆగే బండి

కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుండగా కారు మళ్లీ ఆగిపోయింది. వెనక బస్సు హారన్ ఆపకుండా మోగుతోంది. ఎడమ సీట్లో కూర్చున్న సుకన్య తన వైపున్న బ్రేకును తొక్కిపట్టి, "అక్కా, క్లచ్ అట్ల ఒక్కసారే ఇడిస్తే ఎట్ల? ఎన్నిసార్లు చెప్పాలె?" అంది.

నేర్చుకుంటున్న సుభాషిణి స్టీరింగ్ వదలకుండానే ఆమె వైపు తిరిగింది. "ఇడ్వలేదు మేడం. కాలు దాని మీదనే ఉన్నది."

సుకన్య వంగి చూసింది. నిజమే, పెడల్ నేలకంటా ఉంది. క్లచ్ తొక్కి ఉండగా బండి ఆగితే తప్పు తొక్కినవాళ్లది కాదని పదకొండేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్న సుకన్యకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా నోరు తెరిచి ఆ మాట అనలేకపోయింది.

ఆ కారు, నయీంనగర్‌లోని డ్రైవింగ్ స్కూలు, రెండూ ఆమె భర్త రమాకాంత్ పేరు మీద ఉన్నాయి. అతనిది కార్ల సీటు కవర్లు, స్పీకర్లు బిగించే దుకాణం. నెల కిందట, వచ్చిపోయే గిరాకీలకు చూపించవచ్చని, ఈ కారుకు హెడర్ పైపులు వేశాడు. ఇంజన్ నుంచి పొగను సైలెన్సర్‌లోకి పంపే కంపెనీ మెనిఫోల్డ్‌ను ఊడబీకి, దాని స్థానంలో తళతళలాడే నాలుగు స్టీలు గొట్టాలు పెట్టాడు.

"పికప్ చూడు ఇగ" అన్నాడు.

"నేర్సుకునేటోళ్ల బండికి పికప్ ఎందుకు?" అంది సుకన్య. అతను నవ్వి బానెట్ మూశాడు.

అప్పటి నుంచి ఇదే వరస. పొద్దున బండి బాగానే బయలుదేరుతుంది. ఇరవై నిమిషాలు తిరిగి వేడెక్కిందంటే సిగ్నల్ దగ్గర వణుకుతుంది, ఆగిపోతుంది. బానెట్ లోపల టిక్ టిక్‌మని చిన్న చప్పుడు. డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలుగుతుంది. చెబితే రమాకాంత్ మర్నాడు పొద్దున్నే వచ్చి, చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి, రెండుసార్లు రేజ్ చేసి, ఫోనుకు కలిపే చిన్న పరికరంతో ఆ లైటును చెరిపేస్తాడు. "బండి నిమ్మలంగ ఉన్నది. నీ స్టూడెంట్లకు క్లచ్ రాదు, నువ్వు నా పైపుల మీద పెడుతున్నవ్."

వేరే మెకానిక్‌కు చూపిస్తే భర్తను బజారులో తక్కువ చేసినట్టవుతుంది. బండిలోనే తప్పుందంటే నేర్చుకునేవాళ్లు రారు. అందుకని ఆ ఎండల్లో అద్దాలు మూసి, ఏసీ పెట్టి, రోజుకు నలుగురి పక్కన కూర్చుని, ఆగిన ప్రతిసారీ వాళ్లనే కసురుతూ వచ్చింది. మూడో క్లాసుకల్లా కణతలు పగిలిపోయేవి. మాత్ర వేసుకుని నాలుగో క్లాసుకు కూర్చునేది. సాయంత్రం కారు తలుపు తెరుచుకుని దిగినా ఇంకా అందులోనే ఉన్నట్టుండేది.

బ్రిడ్జి దిగాక సుభాషిణి కారును పక్కకు ఆపి, దిగి, రోడ్డు వారన వాంతి చేసుకుంది. ఆమెకు నలభై అయిదేళ్లుంటాయి, ఉమ్మడి బట్టల దుకాణం ఉన్న ఇంటి కోడలు. మరిపెడలో ఉన్న అక్క దగ్గరికి ఇంటి కారులో, ఎవరినీ బతిమాలకుండా పోయి రావాలన్నదే ఆమె కోరిక.

"నాకు రాదు మేడం. ఇరవై రోజులైంది. నీతోని కాదని మా మరిది ముందే అన్నడు" అంటూ మూతి తుడుచుకుని ఆటో ఎక్కింది.

సుకన్య డ్రైవర్ సీట్లోకి మారింది. నూరు గజాలు పోయిందో లేదో, ఆమె కాలు క్లచ్ మీద ఉండగానే ఇంజన్ ఆగింది. ఇప్పుడు తిట్టడానికి పక్కన ఎవరూ లేరు.

ఇంటికి పోతే చల్లారిపోతుంది. వేడి మీదే చూపించాలనుకుని, తిన్నగా కాజీపేటలో కుమారస్వామి షెడ్డుకు పోయింది. ముప్పై ఏళ్లుగా ఇంజన్ పని తప్ప వేరే పని ముట్టని మనిషి అతను.

కుమారస్వామి ఇంజన్ ఆపనివ్వలేదు. బానెట్ ఎత్తి చెవి ఒగ్గి విన్నాడు. గోడ మీది దేవుడి పటం ముందు నుంచి వెలుగుతున్న అగరుబత్తి తీసుకొచ్చి, గొట్టాలు ఇంజన్‌కు అతికే చోట పట్టాడు. తిన్నగా లేస్తున్న పొగ అక్కడ చప్పుడుకు చప్పుడుగా చెదిరిపోయింది. ఆ చుట్టూ మసి నల్లగా పట్టి ఉంది.

"గీడ సందున్నది చెల్లె. పొగ బయటికి పోతాంది, గాలి లోపటికి గుంజుతాంది. కిందున్న సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటది. కంప్యూటర్ ఇంకింత పోస్తది. పోసి పోసి ఇంజన్ గొంతుల దాక మునుగుతది."

"పొద్దుగాల మంచిగుంటది గద అన్నా?"

"సెన్సర్ వేడెక్కినంకనే దాని మాట నడుస్తది. సల్లగున్నప్పుడు చూసెటోనికి ఏం కనవడది." అతను ఆమె ముఖం వైపు చూశాడు. "తలకాయ నొస్తాందా?"

"నెల సంది."

"ఏసీ గాలి గుంజేది గీన్నుంచే. మీరు పీల్చేది ఈ పొగనే. అద్దాలు మూసి నడుపుడు ఆపుండ్రి, పాణం మీదికొస్తది."

సుకన్య పోయి కారు అద్దాలన్నీ దించింది. సుభాషిణి వాంతి చేసుకున్నది భయంతో కాదన్నమాట.

ఆమె ఫోన్ చేస్తే రమాకాంత్ వచ్చాడు. అగరుబత్తి పొగ చెదరడం కళ్లారా చూశాడు. "సందుల ప్యాకింగ్ మారిస్తే అయిపాయె. ఇంతదానికి ఇక్కడిదాక తెచ్చినవా?"

"పైపుల మొదలుకున్నది పలుచటి పట్టీ తమ్మీ, వేడికి వంగింది. కొత్త ప్యాకింగేసినా వారం ఆగది" అన్నాడు కుమారస్వామి.

"పాత మెనిఫోల్డ్ ఏది?" సుకన్య భర్తను అడిగింది.

"తుక్కులేసిన."

"అన్నా, ఆటోనగర్‌ల అసుంటిది ఇంకోటి దొరుకుతదా?"

"దొరకవడ్తది."

"బండి నాది సుకన్యా" అన్నాడు రమాకాంత్.

"బండి నీదే. లోపట కూసునేది నేను. ఆ పైపులున్నన్ని దినాలు కూసోను."

ఆమె గొంతు పెంచలేదు. అతను కారును అక్కడే వదిలి, తన మోటారుసైకిలెక్కి వెళ్లిపోయాడు. మూడు రోజులు క్లాసులు లేవు, ఇంట్లో మాటలూ లేవు. అతను తిని లేచేవాడు. ఆమె గిన్నెలు తీసేది. నాలుగో రోజు కుమారస్వామి, మెనిఫోల్డ్ దొరికింది, బిగించానని కబురు పెట్టాడు. ఆమె గంటసేపు ఊరంతా తిప్పి చూసింది. కారు ఎక్కడా వణకలేదు.

అక్కడి నుంచే సుభాషిణి ఇంటికి పోయి, గుమ్మంలోనే ఉన్నదంతా చెప్పింది.

"ఇరవై రోజులు నన్నే తిడితివి గద మేడం."

"తిట్టిన అక్కా. బండిదే తప్పని తెలిసి గూడ తిట్టిన."

సుభాషిణి బయటికి వచ్చి ఇంటి తలుపు దగ్గరికి వేసింది. తర్వాత చెప్పులు తొడుక్కుని వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుంది. అద్దాలు దించి బ్రిడ్జి ఎక్కారు. నడిమధ్య ట్రాఫిక్ ఆగింది, వెనక లారీ. సుభాషిణి క్లచ్ తొక్కింది, వదిలింది, ముందుకు పోనిచ్చింది. సుకన్య పాదాలు తన వైపు పెడళ్ల జోలికే పోలేదు.

ఇంటి ముందు ఆపి సుభాషిణి తాళంచెవి ఇచ్చేసింది.

"రేపు ఎన్ని గంటలకు రమ్మంటవ్ అక్కా?" అంది సుకన్య.

"రేపు ఒద్దు మేడం. మా మరిది డ్రైవర్ను పెట్టిండు. మా ఇంటి కారు తాళం మరిది కాడనే ఉంటది." గేటు తీస్తూ వెనక్కి తిరిగింది. "నాకు వస్తదా రాదా, అది తెల్వాలె. అందుకే వచ్చిన."