గోధుమరంగు

నా భార్యకు గర్భసంచి తీసేశాక, క్యాన్సర్ ఊపిరితిత్తిలో మళ్ళీ కనబడింది. సూదితో అక్కణ్ణుంచి చిన్న ముక్క తీశారు. దానిలో ఒక ప్రొటీన్ ఉందో లేదో చూడాలంది డాక్టరమ్మ. ఉంటే హార్మోను మాత్రలతో సరిపెట్టవచ్చు. లేకపోతే జుట్టు ఊడగొట్టే మందు నరంలోకి ఎక్కించాలి.

ఆ పరీక్ష చేసేది మా బావమరిదే. ఆసుపత్రి ల్యాబులో ముక్కను మైనంలో బిగించి, ఉల్లిపొర కంటే పలచగా కోసి, గోరువెచ్చని నీళ్ళమీద తేలనిచ్చి, గాజుపలక మీదికి ఎత్తి రంగు పట్టిస్తాడు. ఆ ప్రొటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. లేకపోతే అంతా నీలమే. చంకనెత్తుకుని పెంచిన అక్క వాణ్ణి రంగుల మాస్టారు అని ఏడిపించేది.

"ఏరా రంగుల మాస్టారూ, నన్ను ఏ రంగులో ముంచావు?" అని ఫోనులో అడిగింది.

"గోధుమరంగే అక్కా. మాత్రలు చాలు. నీ జడ ఎక్కడికీ పోదు."

ఆ రోజు ఆమె తలస్నానం చేసి, జడ వేసి, నచ్చక విప్పి, మళ్ళీ వేసుకుంది.

మాత్రలు మింగుతూనే ఉంది. దగ్గు తగ్గలేదు. మేడ ఎక్కేటప్పుడు సగంలో కూర్చుండిపోయేది. "మందుకు టైమివ్వాలి అక్కా" అనేవాడు. ప్రతి ఆదివారం వచ్చి, ఆమె మాత్ర వేసుకునేదాకా నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడేవాడు. నా మొహం మాత్రం చూసేవాడు కాదు. పని ఒత్తిడి అనుకున్నాను.

కొత్త స్కానులో మచ్చలు పెరిగాయి. డాక్టరమ్మ ఆ గాజుపలక తెప్పించుకుని మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు తల ఎత్తలేదు. తరువాత తెరమీద మాకు చూపించింది.

"ఊపిరితిత్తి అయితే చుట్టూ గాలి గదులు జల్లెడలా కనిపించాలమ్మా. ఇక్కడున్నది కండ. ఇది మీ గర్భసంచి ముక్క. ఆపరేషన్ నాటిది."

వాణ్ణి పిలిపించింది. వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"జబ్బు తేల్చడానికే సగం ముక్క అయిపోయింది మేడం. మిగిలిన కాస్తా నీళ్ళలో చెదిరిపోయింది. అక్కకు మళ్ళీ సూది గుచ్చుతారని... ల్యాబులో దాచి ఉన్న ఆపరేషన్ నాటి ముక్కకు రంగేశాను. జబ్బు ఒకటే కదా అనుకున్నాను."

"జబ్బు పాకినచోట ఆ ప్రొటీన్ పోవచ్చని నీకు తెలీదా?"

"తెలుసు."

నా భార్య అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది నాకు.

"సూది గుచ్చేది ఎవరికిరా?"

"నీకే అక్కా."

"మరి నన్నడగాలిగా. చిన్నప్పుడు నీ కాల్లో ముల్లు తీసినా, తీస్తున్నాన్రా అని నీకు చెప్పే తీశాను."

వాడు ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది.

మళ్ళీ సూది గుచ్చారు. "అది కోసేటప్పుడు మీరు వెళ్ళి నిలబడండి" అంది నా భార్య నాతో. డాక్టరమ్మ కాదనలేదు. మర్నాడు ల్యాబు అద్దానికి ఇవతల నిలబడ్డాను. వాడి స్టూలు ఖాళీగా ఉంది. ఇంకో అమ్మాయి కోస్తోంది. పొర నీళ్ళమీద ముడత విప్పుకుంది. ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టి దాన్ని పలకమీదికి ఎత్తింది. నేనూ బిగబట్టాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా భార్య మంచంమీద కూర్చుని ఎదురుచూస్తోంది.

"ఏ రంగట?"

"నీలం. గోధుమరంగు చుక్క కూడా లేదు. డాక్టరమ్మ తెరమీద చూపించింది."

"జల్లెడ ఉందా?"

"ఉంది. చుట్టూ ఉంది."

"అయితే కత్తెర ఇలా ఇవ్వండి" అంది. "ఊడేదాకా దువ్వుకుంటూ కూర్చోలేను."

ఆదివారం వాడు వచ్చాడు. అక్క మెడదాకా ఉన్న జుట్టు చూసి గోడకు ఆనుకున్నాడు. ముందురోజే మొదటి మందు ఎక్కించుకుని వచ్చింది, ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. వాడు అలవాటు కొద్దీ బల్లమీది నీళ్ళ గ్లాసు అందుకోబోయాడు.

ఆమె గ్లాసుమీద అరచెయ్యి మూసింది.

"మీ బావ ఇస్తారులే" అంది.