ఏడు గంటల బండెక్కే నీడ

యశోద ఇబ్రహీంపట్నంలో తొలి బస్సెక్కి, ఆరున్నరకల్లా సికింద్రాబాద్ స్టేషన్‌లో చీపురు పట్టేది. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం ఊడ్చి, ఏడు గంటల జనగామ బండి రాగానే చేతిలో దువ్వెనతో పెట్టె తలుపు ముందు నిలబడేది. ఏటవాలు ఎండలో ఆమె నీడ బండెక్కేది. ఆమె చేతిలో ఉంటేనే నీడ చేతిలోనూ దువ్వెన ఉంటుంది మరి. జనగామ గురుకులంలో ఐదో తరగతి చదివే బిడ్డ శ్రీనిధికి, ప్రార్థన గంట కొట్టేలోగా రెండు జడలు వేసి, మధ్యాహ్నం బండికి నీడ తిరిగొచ్చేది.

టీసీ మల్లేశయ్యకు ఒక్కటే అభ్యంతరం. "కిటికీకాడ కూసోవద్దని చెప్పమ్మా నీ నీడకు. పేపర్ చదివేటోళ్లకు చీకటైతున్నది."

గురుకులం సీటు పరీక్ష రాస్తే వచ్చింది. వదులుకుంటే మళ్లీ రాదు. చేరిన నాటి నుంచి శ్రీనిధిది ఫోన్‌లో ఒకటే బెదిరింపు. "నీ నీడ రాని దినం సంచి సదురుకొని ఇంటికొస్తనమ్మా. చెప్తున్న." అందుకే యశోద జ్వరమొచ్చినా పని మానలేదు. పాపిట వంకరపోయిందేమో, జడ బిగుసుకుందేమోనని రోజూ బెంగే.

స్టేషన్‌లో పనిచేసేవాళ్ల చెవులకు మైకు వినబడదు. పొద్దంతా మోగేదాన్ని ఎవరు వింటారు? ఆ శుక్రవారం జనగామ బండి చర్లపల్లి నుంచే బయలుదేరుతుందని మైకు నాలుగుసార్లు చెప్పింది. యశోద ఎప్పటిలాగే నిలబడింది. ఎదురుగా ఆగిన బండిలోకి నీడ ఎక్కింది.

తనతోపాటు ఊడ్చే నర్సింహమ్మ ఉరికొచ్చింది.

"ఏందే పిల్లా, నీ నీడ తాండూరు బండెక్కింది!"

"తాండూరా? జనగామది కాదా అక్కా?"

"గది ఇయ్యాల చర్లపల్లి నుంచి పాయె. మైకుల మొత్తుకుంటనే ఉండె గద."

యశోద వార్డెన్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పదేళ్ల పిల్ల, భుజాన సంచి, ఏ బండెక్కుతుందో, ఎక్కడ దిగుతుందో. ఊడ్చిన చోటే మూడుసార్లు ఊడ్చింది.

"ఫికర్ జెయ్యకు. పిల్లకు కాళ్లున్నయ్, తెలివున్నది," అంది నర్సింహమ్మ.

"కాళ్లున్నయనే అక్కా నా ఫికర్."

పన్నెండింటికి వార్డెన్ ఫోన్ చేసి, పిల్లకు ఇచ్చింది.

"నువ్వు రాలే అమ్మా."

"తప్పైంది బిడ్డా. సంచి సదిరినవా?"

"సదిరిన. గేటు దాకా పోయిన." శ్రీనిధి ముక్కు ఎగబీల్చింది. "ఆడ మనోజ ఏడ్సుకుంట కూసున్నది. నిన్ననే చేరింది. జుట్టంత చిక్కు. రోజూ నువ్వేసేది చూసిన గద, గట్లనే రెండు జడలేసిన. ఒకటి మీదికి పోయింది, ఒకటి కిందికి."

"మరి నీకు?"

"నాకు మనోజ ఏసింది. ఇంకా అధ్వానం!" పకపకా నవ్వింది. "ఇగ ఆదివారం ఒక్కదినం పంపు నీడను. తక్కిన దినాలు మేమే ఏసుకుంటం."

"సంచో?"

"విప్పిన. అన్నం గంట కొట్టిన్రు, పోతున్న."

సాయంత్రానికి తాండూరు నుంచి నీడ తిరిగొచ్చి యశోదను కలిసింది.

మరునాడు ఏడు గంటల బండి నీడ లేకుండానే కదిలిపోయింది. ప్లాట్‌ఫారం చివర ఎండలో యశోద ఊడుస్తోంది. పక్కన ఏదో నల్లగా కదిలింది. ఆ వేళప్పుడు తన నీడను తన దగ్గర చూసి ఎన్ని నెలలైందో! ఎవరో బండికి పోయే మనిషనుకొని, చీపురు ఆపి, జరిగి దారి ఇచ్చింది.